రెండో టీకి వైపు మారాలి

పోయిన వారం కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగుతుంటే చెప్పు తెగింది. పక్కనే గొడుగు కింద చెప్పులు కుట్టే ఆయన కనిపిస్తే కుంటుకుంటూ వెళ్లి ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆయన డబ్బా మూత తీసి, వేలితో సొల్యూషన్ తీసి అడుగున పూసి, ఆరడానికి పక్కన పెట్టాడు. ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, లారీల మోతా, ప్లాంటు షిఫ్టు బస్సుల హారన్లూ ఎటో పోయాయి. నేను రేవు పక్కన పాత ఊళ్లో జిలానీ భాయ్ కొట్టు ముందు నిలబడి ఉన్నాను. తలనొప్పి తెప్పించే వాసనే గాని, చెప్పు తయారయ్యాక కూడా అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. "ఇంకేటి కావాల బాబూ?" అని ఆయన అడిగాకే బస్టాపు వైపు నడిచాను.

జిలానీ భాయ్ మీకు తెలిసే అవకాశం లేదు. పాత ఊళ్లో రెండు వీధులు దాటితే అక్కడివాళ్లకే తెలియదు. నాలుగడుగుల కొట్టు, ముందు ఒక బల్ల, లోపల గోడ నిండా మేకులకు వేలాడే చెప్పులు, బూట్లు. మేమంతా అభిమానించే ఫుట్‌బాల్ జట్టు హార్బర్ ఎలెవన్ ఆటగాళ్ల బూట్లన్నీ ఆయన చేతిమీదుగానే బాగుపడేవి. జన్మలో ఒక్కసారి బంతి తన్నిన మనిషి కాదు. అయినా మా మ్యాచ్ ఏదీ వదిలేవారు కాదు. అందరం గోడ నీడలో కూర్చుంటే, ఆయన మాత్రం మడత స్టూలు పట్టుకుని వెళ్లి, మా ఎడమ వింగర్ పరుగెత్తే గీత పక్కన కూర్చునేవారు. హాఫ్ టైం తరవాత జట్లు గోలు మారితే ఆ వింగర్ కూడా అవతలి గీతకి మారతాడు కదా, ఈయన కూడా స్టూలు మడిచి, గ్రౌండంతా చుట్టి, ఎదురెండలో అటు వెళ్లి కూర్చునేవారు. ఎందుకు భాయ్ ఈ తిప్పలు అంటే, "బంతి ఎక్కడుందో మీరందరూ చూత్తన్నారు గదా. బంతి కాళ్ల దగ్గిర లేనప్పుడు ఆడేటి సేత్తాడో నాను చూత్తాను" అనేవారు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. రేవులో క్రేన్ ఆపరేటర్ని. చర్చిలో ప్రార్థనకి తల వంచినప్పుడు తప్ప మరెక్కడా నా నోరు ఊరుకునేది కాదని మా అమ్మ అనేది. వాదన మొదలైతే గెలవాలి, అంతే. ఎదుటివాడు చెప్పేది వింటున్నట్టు తల ఊపుతూ, లోపల నా తరవాతి మాట తయారుచేసుకునేవాణ్ని. ఈ జబ్బుని జిలానీ భాయ్ ఎప్పుడు కనిపెట్టారో తెలియదు గాని, మందు మాత్రం అప్పటికే ఆయన దగ్గర ఉంది.

మ్యాచ్ అయ్యాక గ్రౌండు పక్కన టీ కొట్టు దగ్గర పాతికమందిమి చేరేవాళ్లం. రేవులో పనిచేసేవాళ్లు, ఫిషింగ్ హార్బర్ వాళ్లు, స్టీల్ ప్లాంటు నుంచి ఇద్దరు ముగ్గురు. అక్కడ జిలానీ భాయ్ పెట్టిన ఆచారం ఒకటి నడిచేది. మొదటి టీకి ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడొచ్చు, ఒకరినొకరు తిట్టుకోవచ్చు కూడా. రెండో టీ చేతికొచ్చాక మాత్రం వైపు మారాలి. ఇప్పటిదాకా నువ్వు ఎవరితో కొట్లాడావో అతని తరఫున మాట్లాడాలి. అతను "అదే నా మాట" అని ఒప్పుకునేదాకా గ్లాసు చేత్తో పట్టుకోవాలి గాని తాగకూడదు. నేను ఆ గుంపులో చేరిన కొత్తలో ఇదేం చోద్యం అన్నాను. ఆయన నవ్వి, "సాయంత్రం సముద్రం గాలి ఒక గోలు వైపే కొడతాది. ఎండ ఒకడి కళ్లల్లోనే పడతాది. అందుకే గదా బేటా ఆటలో వైపులు మారతారు. మాటకి మాత్రం ఎందుకు మారకూడదు?" అన్నారు. ఆ ఏడాదంతా నేను చల్లారిన టీలే తాగాను.

ఇక పోలిరాజు సంగతి. పంతొమ్మిదేళ్లవాడు, ఫిషింగ్ హార్బర్ కుర్రాడు, మా ఎడమ వింగర్. తండ్రి లేడు. తల్లి ఎర్రమ్మ జెట్టీ దగ్గర చేపలు అమ్మేది. వాడు తెల్లవారుజామున బోట్లకి ఐసు మోసి, సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాడు. బంతి దొరికితే గీత పక్కనుంచి వాడు పోయే పోత చూసి మాలో పెద్దవాళ్లు కూడా లేచి నిలబడేవారు. అలాంటివాడికి గోవాలో ఒక క్లబ్బు నుంచి కబురొచ్చింది. నెలరోజులు అక్కడే ఉంచుకుని ఆట చూస్తారట, నచ్చితే తీసుకుంటారట. చిక్కేమిటంటే అదే నెలలో మాకు సిటీ లీగ్ ఫైనల్. చాలా ఏళ్ల తరవాత వచ్చిన ఫైనల్. వాడు వెళ్లాలంటే మా క్లబ్బు విడుదల కాగితం ఇవ్వాలి. సెక్రటరీ అప్పారావు గారు గడుసు మనిషి. "అభిమానులు ఏటంటే అదే, మూడో ఆదివారం సంతకం పెడతాను, లేపోతే చింపేత్తాను" అని మా నెత్తిన వేసేశారు.

మొదటి ఆదివారం టీ కొట్టు దద్దరిల్లింది. నేను పంపొద్దన్న జట్టుకి నాయకుణ్ని. అవతల సత్తిబాబు. స్టీల్ ప్లాంటులో వెల్డరు, నా ప్రాణ స్నేహితుడు.

"మనం పెంచిన కుర్రాడు బావా. ఫైనల్ అయ్యాక ఎక్కడికైనా ఎల్లనీ. ఇప్పుడెల్తే మనకేటి మిగుల్తాది?" అన్నాను.

"మనకి మిగలడానికి ఆడేమైనా కూరలో ముక్కేటి? ఇలాటి కబురు మళ్లీ వత్తాదని నువ్వు రాసిత్తావా?" అన్నాడు సత్తిబాబు.

"గోవాలో ఇలాటోళ్లు వందమంది ఉంటారు. బెంచీ మీద కూకోబెడతారు."

"కూకోనీ. ఐసు మోసేకంటే బెంచీ నయం గదా."

రెండో టీ వచ్చింది. నేను పంపాలన్న వైపు మాట్లాడాలి. "పంపాలి. ఎందుకంటే... పంపితే మంచిది" అన్నాను. పాతికమందీ పగలబడి నవ్వారు. సత్తిబాబు "అది నా మాట కాదు, ఎవుడి మాటా కాదు" అన్నాడు. జిలానీ భాయ్ నవ్వలేదు. "ఇమ్మానూ, పంపాలని మాట్లాడాలంటే ఆ కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడో తెలియాల. రేపు పొద్దున్న హార్బర్‌కెల్లి ఆడి పని చూసి రా. మాట్లాడకు. చూడు" అన్నారు. నా ఇమ్మానుయేలు అనే పేరుని అలా పిలిచింది ఆయనొక్కరే.

నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. షిఫ్టుకి ముందు గంటన్నర జెట్టీ మీద నిలబడి చూసి, ఆ సాయంత్రం కొట్టుకెళ్లి అప్పజెప్పాను. ఎన్ని ఐసు పెట్టెలు ఎత్తాడో, వాళ్లమ్మ ఏ చేపలు అమ్ముతోందో, మధ్యలో ఎలా ఈలలు వేస్తున్నాడో అన్నీ చెప్పాను. ఆయన సూది దించుతూ విన్నారు.

"బోటులోంచి జెట్టీ మీదకి మెట్లుంటాయి. ఎక్కాడా?"

"ఎక్కాడు భాయ్."

"ఎలా ఎక్కాడు?"

"ఎలా ఏటి, కాళ్లతోనే."

"ఏ కాలు ముందేశాడు?"

నాకు తెలియదు. అంతసేపు నిలబడి చూసినవాణ్ని, నిజంగా తెలియదు. ఆయన కోప్పడలేదు. "అచ్ఛా, అయితే మళ్లీ వెళ్లు" అన్నారు, అదేదో పెద్ద వేడుక అయినట్టు. ఆయనలో నాకు ఇప్పటికీ అర్థం కానిది ఆ కుతూహలమే. పొద్దస్తమానం ఊరి వాళ్ల పాత చెప్పుల మధ్య కూర్చున్న మనిషికి, ఒక కుర్రాడు మెట్టు మీద ఏ కాలు వేస్తాడో తెలుసుకోవాలని అంత ఆత్రం ఎక్కణ్ణించి వస్తుంది?

రెండోసారి వెళ్లినప్పుడు కాళ్లే చూశాను. ప్రతి మెట్టుకీ ఎడమకాలే ముందు. కుడికాలు దాని పక్కకి వచ్చి ఆగుతుంది, మళ్లీ ఎడమకాలు. ఖాళీ చేతులతో ఎక్కినా అంతే. ఐసు అయిపోయాక వాణ్ని పక్కకి పిలిచి అడిగాను. మొదట నవ్వేశాడు. తరవాత ఫ్యాంటు పైకి లాగాడు. కుడి మోకాలికి గుడ్డ గట్టిగా చుట్టి ఉంది, దాని పైనా కిందా వాపు.

"మూడు నెల్లయింది అన్నా. ఆటలో తిరిగిపోయింది. ఒక్కోపాలి పట్టేత్తాది, మళ్లీ వదిలేత్తాది. ఎవులికీ సెప్పకు."

"ఇలా పెట్టుకుని గోవా ఎల్తావా?"

"నెల్రోజులు లాగేత్తాను. తీసుకున్నారనుకో, ఆలకి డాక్టర్లుంటారు. ఆలే బాగు సేయిత్తారు. ఇక్కడ నాకెవులున్నారు? మా అమ్మకి తెలిత్తే ఆటే మానిపించేత్తాది."

చెప్పనని మాటిచ్చాను. ఇచ్చి, షిఫ్టంతా క్రేన్ మీద కూర్చుని అదే ఆలోచించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట వచ్చింది జాలి కాదు. నా చేతికి తురుపుముక్క దొరికిందన్న సంబరం. మోకాలి సంగతి ఒక్కటి బయటపెడితే సత్తిబాబు నోరు మూతపడుతుంది. గోవా పోతుంది. నా మాట నెగ్గుతుంది. వాడు ఫైనల్ కూడా ఆడలేడన్న సంగతి మధ్యాహ్నం దాకా నాకు తట్టనే లేదు.

సాయంత్రం కొట్టుకెళితే జిలానీ భాయ్ బల్ల మీద పోలిరాజు బూట్లు బోర్లించి ఉన్నాయి. "చూడు" అని చూపించారు. "ఆడు ఎడమకాలితో తంతాడు. తన్నేటప్పుడు బరువంతా కుడికాలి మీద. ఇన్నాళ్లూ కుడి బూటే ముందు అరిగేది, అదే ముందు నా దగ్గిరకొచ్చేది. ఈసారి చూడు, ఎడమ బూటు అరిగిపోయి కుడిది కొత్తదిలా ఉంది." అప్పుడర్థమైంది, నన్ను రెండుసార్లు హార్బర్‌కి ఎందుకు తరిమారో.

"అయితే మీకు ముందే తెలుసు. మొన్న ఆదివారమే చెప్పేయొచ్చు గదా" అని గొంతు పెంచాను.

"బూటు సగమే చెబుతాది. మిగతా సగం మనిషి చెప్పాల. ఆడు నీకు చెప్పాడా?"

"చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆదివారం చెప్పేయనా భాయ్?"

"చెబితే?"

"గోవా ఆగిపోతుంది."

"నీకు కావాల్సింది అదే గదా. మరి మోకాలి కోసం చెబుతావా, గెలవడం కోసం చెబుతావా?"

బోలెడంత కోపం వచ్చింది. లేచి వచ్చేశాను. రెండో ఆదివారం మ్యాచ్‌కే వెళ్లలేదు. కడుపు నొప్పని కబురు పంపాను.

మూడో ఆదివారం వెళ్లక తప్పలేదు. అప్పారావు గారు కాగితం చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నారు. పోలిరాజు బల్ల చివర తల వంచుకుని ఉన్నాడు. మొదటి టీకి నేను పాత మాటలే చెప్పాను, మోకాలి ఊసెత్తలేదు. సత్తిబాబు తన మాటలు చెప్పాడు. రెండో టీ వచ్చింది. ముందు సత్తిబాబు వంతు. పంపొద్దని వాడు నాకంటే బాగా మాట్లాడాడు. ఊరికాని ఊళ్లో భాష రాక, చేపల కూర దొరక్క, ఆదివారం పూట పిలిచే దిక్కులేక ఉండే కుర్రాణ్ని మా కళ్ల ముందు నిలబెట్టాడు. "అదే నా మాట" అన్నాను. వాడు టీ ఒక గుక్క తాగి, "ఏటో బావా, నీ తరఫున మాట్లాడి మాట్లాడి నానే నీ వైపొచ్చేశాను" అన్నాడు. అందరూ నవ్వారు. మాకు ఇది కొత్త కాదు. మార్చి మార్చి వాదించి, చివరికి ఇద్దరమూ నిజంగానే వైపులు మారిపోయి, మళ్లీ అదే తగవు తిరగేసి పడిన రోజులున్నాయి.

నా వంతు వచ్చింది. పంపాలని మాట్లాడాలి. అది కష్టం కాదు, ఈసారి నాకు మాటలు దొరికాయి. కాని నోరు తెరిచాక తెలిసింది, పంపాలన్నా, వద్దన్నా, మోకాలిని దాచి నేను చెప్పే ప్రతి మాటా అబద్ధమే. మొదటి ఆదివారం నుంచీ రెండు వైపులే చూస్తూ మారుతున్నాం, ఆ రెండింటిలోనూ పోలిరాజు లేడు. వాడి వైపు ఇంతవరకూ ఎవరమూ మాట్లాడలేదు.

గ్లాసు పట్టుకుని వాడి పక్కకి వెళ్లి నిలబడ్డాను. "నేను ఈసారి సత్తిబాబు తరఫున మాట్లాడను. పోలి తరఫున మాట్లాడతాను" అన్నాను. "నాకు మూడు నెలలుగా మోకాలు నొప్పి. మెట్లు ఎక్కలేకపోతన్నాను. ఐసు మొయ్యలేకపోతన్నాను. సెబితే మీరు గోవా పంపరు. ఇప్పుడెల్లాపోతే గోవా వోళ్లు నన్ను మర్సిపోతారు. సెప్పాపోతే కాలు పోతాది. రెండూ తెలుసు. ఎవులికి సెప్పాలో తెలీదు. ఆట బాగుంటే మీరందరూ నా వోళ్లే. ఆడలేపోతే ఎవులు నా వోళ్లో తెలీదు. అందుకని గుడ్డ కట్టుకుని ఎల్లిపోదామనుకున్నాను."

వాడి వైపు తిరిగి, ఆచారం ప్రకారం అడగాలి కాబట్టి అడిగాను. "ఇదేనా నీ మాట?"

వాడు తలెత్తి చూసిన చూపు నేను మరిచిపోలేను. తాము నమ్మి చెప్పుకున్నవాడే నడిబజారులో తమ బట్టలు విప్పేస్తే ఎలా చూస్తారో అలా చూశాడు. "అదే నా మాట" అని లేచి వెళ్లిపోయాడు. వెళ్తుంటే కుంటుతున్నాడు. దాచుకోవడం మానేశాడు. నేను ఆ టీ తాగలేదు. అప్పారావు గారు కాగితం తీసి మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

మర్నాడు సత్తిబాబు సెలవు పెట్టి వాణ్ని బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లాడు. లోపల ఏదో చిరిగిందన్నారు, ఇలాగే ఆడితే ఇక ఎప్పటికీ పరుగెత్తలేడన్నారు. ఆపరేషన్ అయింది. మేం పాతికమందిమీ వంతులు వేసుకుని మంచం పక్కన కూర్చున్నాం. నా వంతు రోజున వాడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఫైనల్ ఓడిపోయాం. గోవా నుంచి మళ్లీ కబురు రాలేదు. దాదాపు రెండేళ్లు పోలిరాజు నాతో మాట్లాడలేదు.

ఆ రోజుల్లో ఒకసారి జిలానీ భాయ్‌ని అడిగాను, నేను చేసింది సరేనా అని. సరేనని ఆయన అంటే చాలు, హాయిగా నిద్రపోదును. ఆయన చేతిలో బూటు పక్కన పెట్టి, నిజంగా ఆలోచించి, "నాకు తెలీదు ఇమ్మానూ. ఆణ్ని అడిగావా?" అన్నారు.

"మాట్లాడ్డం లేదు భాయ్."

"మాట్లాడినప్పుడు అడుగు. నాకూ వినాలని ఉంది" అన్నారు.

తరవాత పోలిరాజు మాట్లాడాడు. బాగానే కలిసిపోయాడు కూడా. ఇప్పుడు బోటు మీద ఇంజిన్ చూసుకుంటాడు, పెళ్లయింది, ఆదివారాలు ఆడతాడు, వింగులో కాదు, వెనక డిఫెన్సులో. నేనే అడగలేదు. ఏడేళ్లు అడగలేదు. జవాబు ఎలా ఉంటుందోనని భయం. ఈలోగా జిలానీ భాయ్ జబ్బుపడి, రెండేళ్ల కిందట పోయారు. ఆయన కోసం ఏడ్చినంతగా నేను ఇంకెవరి కోసమూ ఏడవలేదు. ఇప్పుడు రేవులో కొత్త ఆపరేటర్లకి పని నేర్పేది నేనే. ఎవడి మీదైనా ఫిర్యాదు వస్తే ముందు కింద నిలబడి వాడి పని చూస్తాను. పోయిన ఏడాది అందరూ బద్ధకస్తుడన్న ఒకణ్ని నాలుగు రోజులు అలా చూస్తే, వాడికి ఎడమ చెవి వినపడదని తెలిసింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. ఈ చూడటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, పాత ఊళ్లో నాలుగడుగుల కొట్టులో నేర్చుకున్నది.

చెప్పు తెగిన ఆ వారం ఆదివారమే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. పోలిరాజు బోటులో ఇంజిన్ తుడుస్తున్నాడు. అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడిగేశాను. "ఆ రోజు నాను సెప్పకుండా ఉంటే నీకు బాగుండేదా?"

వాడు తుడవడం ఆపాడు. "ఎల్లుంటే ఏటయ్యేదో నాకేటి తెలుసు అన్నా. ఆడేవోణ్నేమో. కాలు పోయేదేమో. ఇప్పటికీ టీవీలో మ్యాచ్ వత్తే కట్టేత్తాను." గుడ్డ భుజాన వేసుకుని మళ్లీ అన్నాడు. "నీ మీద కోపం సానా రోజులుంది. గాని ఆ సాయంత్రం ఇంటికెల్లి మా అమ్మ వొళ్లో పడి ఏడిసాను. నొప్పెడతంది అమ్మా అని. మూడు నెల్లు నొప్పిని మింగినోణ్ని, ఆ మాట అనడం అదే ఫస్టు. అంతకుముందు నా నోటికి ఆ మాట లేదు, నువ్వన్నాకే వచ్చింది."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సు పాత ఊరి మీదుగా వెళ్లింది. ఆ కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. వినాలని ఉందన్న మనిషికి ఈ జవాబు చెప్పడానికి ఏడేళ్లు ఆలస్యం చేశాను. ఆ బాధ నాకు పోదు.